గోరుచుట్టు

ఫిలోమినమ్మగారి కుడిచేతి చూపుడువేలికి గోరుచుట్టు లేచిన వారంలోనే నేను ఉద్యోగం మానుకుని నరసరావుపేట వెళ్లిపోవడానికి పెట్టె సర్దుకున్నాను. పొద్దుటి రైలుకు ప్రయాణం. మా అమ్మ ఖాతూన్ బీకి కబురు కూడా పంపాను. ఆ కబురు విని అమ్మ రెండు చేతులెత్తి దువా చేసుకుని ఉంటుంది. కత్తెరలూ దారాలూ సంచీలో వేసుకుని పరాయి ఊళ్లు తిరిగే కూతురంటే ఆమెకు ఏనాడూ మనసొప్పలేదు.

అది యుద్ధం నడుస్తున్న కాలం, పందొమ్మిది వందల నలభై నాలుగు. గురజాలలో నాపరాళ్ల కప్పు కింద రెండు గదుల కాన్పుల ఆసుపత్రి ఉండేది. అక్కడ పెద్ద నర్సు ఫిలోమినమ్మగారు, చిన్న నర్సు నేను. ఆమెది ఫిరంగిపురం. పెళ్లి చేసుకోలేదు. నాకేమో పెళ్లయిన రెండో ఏడే మొగుడు పోయాడు. పని నేర్పడంలో ఆమెది ఒకటే పద్ధతి. చేసేదంతా నోటితో చెప్పాలి. పొట్ట మీద చెయ్యి వేస్తే చేతికి ఏం తగిలిందో చెప్పాలి, కత్తెర తీస్తే ఎందుకు తీశామో చెప్పాలి. ఎక్కాలు అప్పజెప్పే బడిపిల్లలా ఈ గోలేమిటని మొదట్లో నాకు ఒళ్లు మండిపోయేది. వాగుడుకాయనే అయినా, ఒకరు వాగమంటే వాగడం నాకు నచ్చదు.

అంతకుముందు నెల దాచేపల్లి వైపు ఒక ఊళ్లో గురవమ్మ అనే ఆమె నా చేతుల మీద చనిపోయింది. బిడ్డ పుట్టింది. బొడ్డుకు ముడి వేశాను, కోశాను. బిడ్డ వెనక రావలసిన మాయ మాత్రం రాలేదు. రక్తం ఆగలేదు. అక్కడ నేను ఒక్కదాన్నే. గురవమ్మ నా మణికట్టు పట్టుకుని ఉంది, ఆ పట్టు వదులైపోవడం నాకు తెలిసింది.

విచారణకు డాక్టరుగారు వచ్చినప్పుడు ఫిలోమినమ్మగారు నాకంటే ముందు లేచి నిలబడింది. "ఆ పిల్ల చేసింది నేను నేర్పిందేనండీ. అడిగేదేదో ముందు నన్నడగండి" అంది. ఊళ్లో వాళ్లంతా "నీ తప్పేం లేదమ్మా" అన్నారు. వాళ్లకేం తెలుసని నాకు ఇంకా కోపం వచ్చేది. ఫిలోమినమ్మగారు ఆ మాట అనలేదు. నాకు అన్నం పెట్టి, జరిగిందంతా మొదటినుంచీ చెప్పించుకుంది. చివరికి, "రెండు చోట్ల ఆలస్యం చేశావు. అయ్యి నేర్చుకో. ఆలస్యం చెయ్యకపోయినా ఆమె బతికేదని మాత్రం నేను చెప్పలేను. నేనున్నా చెప్పలేను" అంది. ఆ రాత్రి నాకు కొంచెం నిద్ర పట్టింది.

కానీ చేతులు మాట వినడం మానేశాయి. నొప్పుల మనిషి దగ్గరకు వెళితే చాలు, మణికట్టు మీద ఆ పట్టు మళ్లీ తగిలేది, వేళ్లు వణికేవి. ఒక నెల చూసి, వెళ్లిపోతానని చెప్పేశాను. బతిమాలుతుందనుకున్నాను. "సరే" అని, కట్టు కట్టిన వేలు పైకెత్తి పట్టుకుని ఎడమచేత్తో నా చీరలు మడతపెట్టి పెట్టెలో సర్దింది. వద్దని ఒక్క మాటయినా అనలేదేమని ఆ రోజంతా ముఖం ముడుచుకు కూర్చున్నాను.

తెల్లవారి నేను స్టేషనుకు బయల్దేరబోతుంటే రెంటచింతల దారి నుంచి ఎడ్లబండి ఒకటి వచ్చి మా వాకిట్లో ఆగింది. బండి తోలుకొచ్చినవాడు పిచ్చియ్య అనే రైతు. ముఖం పాలిపోయి ఉంది.

"మా ఆడదానికి నిన్న పొద్దుటి కాణ్ణించి నొప్పులమ్మా. మా అమ్మే ఊళ్లో అందరికీ కాన్పులు చేసిద్ది. ఆమె వల్ల కూడా కావటల్లా. చానా బయంగా ఉంది" అన్నాడు.

ఫిలోమినమ్మగారు తన వేలి వంక చూసుకుంది. తర్వాత నా వంక చూసింది. నేను నా పెట్టె వంక చూశాను.

"ఈ చేత్తో నేను ఆమెను ముట్టుకోకూడదే. వేల్లో ఉన్న చీము ఆమె ఒంట్లోకి పోద్ది. కాన్పు బాగానే అయిద్ది, తర్వాత జొరమొచ్చి పోద్ది" అంది నాతో.

"నా వల్ల కాదమ్మా" అన్నాను.

"నీకు రైలెక్కాలనుంటే ఎక్కు. నేను పోయి వాకిట్లోనన్నా కూర్చుంటా. వాళ్లత్త చేస్తుంటే చెప్పటమన్నా చెప్తా."

అని ఒంటిచేత్తో బండి ఎక్కబోయి జారింది. మళ్లీ ఎక్కబోయింది. ఈ మనిషి మొండితనం తగలెయ్య అని తిట్టుకుంటూ లోపలికి పోయి, కాన్పు సంచీ తీసుకుని వచ్చి, ఆమెను పైకి తోసి నేనూ ఎక్కాను. పెట్టె వరండాలోనే ఉండిపోయింది.

దారి పొడవునా మిరపచేలు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. నాకు మాత్రం లోపల చలి. బండి కుదిపినప్పుడల్లా సంచీలో కత్తెరలు గలగలమంటున్నాయి.

"మీకు బయం వెయ్యదా?" అని అడిగాను.

"ఎందుకెయ్యదు? బండి వాకిట్లో ఆగిన కాణ్ణించీ ఏస్తానే ఉంది."

"మీ చేతులు వణకవుగా."

"వణుకుతయ్యి. నువ్వు చూడలా. వణికే చెయ్యి ఏదో ఒకటి పట్టుకుంటే ఆగిద్ది. కాళీగా పెట్టుకోబాక."

భయం పోయే మందేదో చెబుతుందనుకుంటే ఇదీ ఆమె చెప్పింది. నేను సంచీని గట్టిగా పట్టుకున్నాను.

పిచ్చియ్య ఇల్లు దొంగలు పడి వెళ్లినట్టుంది. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. పెట్టెల మూతలు లేపి ఉన్నాయి. గేదెను కట్టుగొయ్య నుంచి విప్పేశారు, అది ఎటు పోవాలో తెలియక వాకిట్లోనే నిలబడింది. కాన్పు కష్టమైతే ఆ ఇళ్లలో ముడి అన్నది ఉండనివ్వరు, తాళం అన్నది వేయనివ్వరు. ఇంట్లో ఏది బిగిసి ఉన్నా కడుపులో బిడ్డా బిగిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. పిచ్చియ్య తల్లి రాఘవమ్మ జుట్టు విరబోసుకుని ఎదురొచ్చింది.

"జడ ఇప్పు" అంది నన్ను చూడగానే. విప్పాను. "ఆ దండకున్నదేంది? తాయెత్తా? అదీ ఇప్పు."

అది మా అమ్మ నా జబ్బకు కట్టింది. గురవమ్మ పోయిన తర్వాత నాకు భయం పోవాలని దర్గాకు వెళ్లి తెచ్చింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఫిలోమినమ్మగారు తన మెడలోని మేరీమాత బిళ్ల దారాన్ని ఎడమచేత్తో, పళ్లతో లాగి విప్పి పిచ్చియ్య చేతిలో పెట్టింది. వేలి కట్టుకు ఉన్న ముడి కూడా విప్పించుకుని, గుడ్డ కొసను మడతలోకి దోపుకుంది. అప్పుడు నేనూ తాయెత్తు ఇచ్చేశాను. దండ బోసిపోయింది. ఇక నన్ను కాపాడేది ఏదీ లేదనిపించింది.

ఆమె గది గడప అవతల, లోపలికి వీపు పెట్టి పీట మీద కూర్చుంది. "ఇటు చూస్తే నా చెయ్యి ఊరుకోదు. నువ్వు చెప్తా ఉండు, నేను ఇంటా ఉంటా" అంది.

లోపల పిచ్చియ్య భార్య లక్ష్మమ్మ సొమ్మసిల్లినట్టు పడి ఉంది. పందొమ్మిదేళ్ల పిల్ల. లైసాల్ మందు కలిపిన నీళ్లలో చేతులు కడుక్కున్నాను. కత్తెరా దారాలూ మరిగించాను. పొట్ట మీద చెయ్యి వేసి, చెవి ఆనించి, గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. "తల కిందికే ఉంది. దిగింది. బిడ్డ గుండె ఇనపడుతుంది, కొంచెం నిదానంగా ఉంది." నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. గడప అవతల నుంచి "ఊఁ" అని వినపడేది. "నొప్పి వచ్చినప్పుడు ముక్కమను. లేనప్పుడు నీళ్లు తాగించు." అలా చాలాసేపు. ఎండ వాకిట్లోంచి గడప దాకా వచ్చింది. ఆమె ఎండలోనే కూర్చుంది, కదల్లేదు.

బిడ్డ పుట్టింది. మగబిడ్డ. ఏడవలేదు.

నీలంగా ఉన్నాడు. చేతులూ కాళ్లూ తడిగుడ్డలా వేలాడాయి. నేను దారం తీసుకుని బొడ్డు దగ్గరకు పోనిచ్చేసరికి రాఘవమ్మ నా రెండు చేతులూ పట్టేసుకుంది.

"ముడెయ్యబాక! మాయ పడేదాకా ఈ ఇంట్లో ముడి పడ్డానికి లేదు. ముడేస్తే మాయ కడుపులోనే ఆగిద్ది. మాయ రానియ్, దాన్ని కాస్త ఎచ్చజేస్తే బిడ్డకు పేణం అందులోంచే వచ్చిద్ది."

అది తప్పని నాకు తెలుసు. పుస్తకంలో చదివాను, పరీక్ష రాశాను. అయినా ఆ మాట నా గుండెల్లో దిగబడింది. గురవమ్మకు నేను ముడి వేశాను. గురవమ్మ మాయ ఆగిపోయింది. ఈ ముసలావిడ చెప్పేది నిజమేనేమో, గురవమ్మను చంపింది నా ముడేనేమో అనుకున్నాను. దారం నా వేళ్ల మధ్యే ఉండిపోయింది. నోరు పడిపోయింది.

"మహమూదా, మాటాగిందేందే? చెప్పు."

చెప్పలేకపోయాను.

"చెప్పవే!"

"బిడ్డకు ఊపిరి లేదు. ముడి ఎయ్యనియ్యటల్లేదు. మీరు రండమ్మా. నా వల్ల కాదు, మీరు లోపలికి రండి!" ఏడుస్తూ అరిచాను.

రాఘవమ్మ కూడా అరిచింది. "నువ్వు రా తల్లీ! పెద్దదానివి, నువ్వన్నా రా!"

"నేను రాను." ఆ వీపు కదల్లేదు. "నా చెయ్యొస్తే బిడ్డ బతికినా తల్లి చచ్చిద్ది. శుబ్బరమైన చెయ్యి ఆ గదిలో నీదొక్కదానిదే, మహమూదా."

"గురవమ్మకు నేను ముడేసినందుకేనా అమ్మా మాయ ఆగింది?"

"కాదు. ముడెయ్యకపోయినా ఆగేదే. నీకు ఊరట కోసం చెప్పటల్లా. నీ తప్పులేందో నేను నీకు దాచకుండా చెప్పానా లేదా? ఇదీ తప్పయితే ఆనాడే చెప్పేదాన్ని."

ఇది నిజం. ఆమె నాకు తీపి మాటలు చెప్పి ఉంటే ఆ నిమిషాన ఆమె మాట నమ్మేదాన్ని కాదు.

"రాఘవమ్మా" అంది ఆమె గొంతు తగ్గించి. "ఈ మాయ బయం నీకు ఎవరి వల్ల పట్టుకుంది?"

రాఘవమ్మ నా చేతులు వదల్లేదు. "నా పెద్దకూతురు తల్లీ. ఇదే గదిలో."

"మాకూ పోయిన నెలే ఒకామె పోయింది. ముగ్గురం బయపడే ఉన్నాం. మన బయం ఎటూ పోదు, కాసేపాగి పడదాం. మహమూదా, నీ ముందు ఇద్దరున్నారు. ముందు ఎవరిని చూడాలి?"

"బిడ్డను."

"మరి?"

నేను చేతులు లాక్కున్నాను. గట్టిగా లాక్కున్నాను, రాఘవమ్మ గాజు ఒకటి పగిలింది. "ముడేస్తన్నా" అని చెప్పి వేశాను. "రెండోది ఏస్తన్నా. కోస్తన్నా." రాఘవమ్మ నుదురు బాదుకుంటూ గోడకు చేరగిలబడింది. బిడ్డ నోట్లో రబ్బరు గొట్టం పెట్టి జిగురు పీల్చి ఊశాను. వీపు రుద్దాను. అరికాళ్ల మీద చరిచాను. గుడ్డ పెట్టి నోట్లో మెల్లగా ఊదాను. ప్రతిదీ చెబుతూనే ఉన్నాను, మధ్యలో "యా అల్లా" కూడా అందులోనే కలిసిపోయింది. "గుండె కొట్టుకుంటుంది. ఊపిరి లేదు. కొట్టుకుంటుంది. లేదు." గడప అవతల నుంచి "ఊఁ. మళ్లీ" అని ఆ గొంతు. "ఊఁ. మళ్లీ."

బిడ్డ మూలిగాడు. ఎక్కిళ్లు పెట్టాడు. ఆ తర్వాత ఏడ్చాడు, కప్పు ఎగిరిపోయేటట్టు.

ఎవరూ సంతోషించలేదు. రాఘవమ్మ బిడ్డ వంక చూడనేలేదు. కోడలి పొట్ట మీదే కళ్లు. నాకూ అక్కడే. మాయ రావాలి. లక్ష్మమ్మకు తెలివి వచ్చి నా మణికట్టు పట్టుకుంది, సరిగ్గా గురవమ్మ పట్టుకున్న చోటే.

"మణికట్టు పట్టుకుందమ్మా" అన్నాను.

"పట్టుకోనియ్. ఇంకో చెయ్యి పొట్ట మీద పెట్టు. ఏం తగులుతుంది?"

"మెత్తగా ఉంది."

"లాగబాక. రక్తం ఎంతుంది?"

"కొంచెం."

"కూర్చో."

కూర్చోవడమంత కష్టమైన పని నేను ఎన్నడూ చేయలేదు. మాయ రాకపోతే ఈ ఇంట్లోంచి బయటికి ఎలా వెళ్లాలి, ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి? ముడి వేసింది నేను. ఊరంతా అదే అంటుంది. చచ్చేదాకా నేనూ అదే అనుకుంటాను. లక్ష్మమ్మ గోళ్లు గుచ్చుకుంటున్నాయి. గుచ్చుకోవడం ఆగితేనే నాకు భయం, అందుకని ఇంకా గుచ్చమ్మా, ఇంకా గుచ్చు అని మనసులో బతిమాలుకున్నాను.

అప్పుడు నా అరచేతి కింద పొట్ట గట్టిపడింది. బొడ్డుతాడు కాస్త కిందికి జారింది. "గట్టిపడింది. తాడు జారింది" అన్నాను. "ముక్కమను" అంది ఆమె. మాయ నిండుగా వచ్చి పళ్లెంలో పడింది. రక్తం కాస్త వచ్చి ఆగింది. పళ్లెం తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. ఆమె వంగి అంచులన్నీ చూసింది. "చిరగలా. మొత్తం వచ్చింది" అంది. లోపల రాఘవమ్మ ఒక నిట్టూర్పు విడిచి, విరబోసుకున్న జుట్టు రెండు చేతులతో దగ్గరికి తీసి ముడి వేసుకుంది.

"ఏమే తురకపిల్లా, అన్నం తిని పో" అంది నన్ను.

నేను తిన్నాను. ఫిలోమినమ్మగారు తినలేదు. ఆకలి లేదంది.

బండిలో తిరిగి వస్తుంటే ఆమె కళ్లు మూసుకుని బండి పక్కనున్న కర్ర గూటానికి తల ఆనించింది. ఎండకు సొమ్మసిల్లిందేమోనని, రవిక పొడుగు చేతులు కాస్త పైకి మడుద్దామని పట్టుకున్నాను. ఒళ్లు కాలిపోతోంది. కట్టు కింద నుంచి ఎర్రటి గీత ఒకటి మణికట్టు దాటి మోచేతి దాకా పాకి ఉంది. ఆ గీత అంటే ఏమిటో మాకు పాఠంలోనే చెప్పారు. విషం రక్తంలోకి ఎక్కుతోంది.

"ఎప్పటినుంచి ఇది?"

"పొద్దున లేచి చూసుకున్నా."

"ఏందమ్మా ఇది! నాతోపాటు ఆ రైలుకే గుంటూరు పోవాల్సింది గదా మీరు!"

"పోదామనే అనుకున్నా. ఇంతలోకి బండొచ్చింది."

నేను ఆమెను తిట్టాను. పెద్దా చిన్నా లేకుండా, పిచ్చియ్య వింటున్నాడన్న వెరపు కూడా లేకుండా తిట్టాను. కోపం కాదు, భయం. పొద్దుటినుంచి పడ్డ భయమంతా దీని ముందు ఏపాటిది? ఈమె పోతే నాకెవరు? ఆమె వినీ వినకుండా, "బాగా ఊదావు బిడ్డకి" అంది.

గురజాలలో సర్కారు డాక్టరు చూసి, సాయంత్రం రైలుకే గుంటూరు పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. వేలు తీయాల్సి రావచ్చన్నాడు. వేలితో పోతే అదృష్టమన్నాడు. పిచ్చియ్య బండిలోనే స్టేషనుకు తీసుకెళ్లాను. నా పెట్టె కూడా వేసుకున్నాను. ఆమెను చూసుకోవడానికి నేను వెంట వెళ్లాలి కదా. ఆమెను అక్కడ చేర్పించి, ఆ తర్వాత అటునుంచి అటే అమ్మ దగ్గరికి. ఎవరూ వేలెత్తి చూపలేని కారణం దొరికింది.

రైలొచ్చింది. ఆమెను ఆడవాళ్ల పెట్టెలో కూర్చోబెట్టి నేనూ పక్కన కూర్చున్నాను. ఆమె కళ్లు తెరిచింది.

"నువ్వెక్కడికే?"

"మీతోనే."

"నా చెయ్యి చూడ్డానికి గుంటూర్లో డాక్టర్లు ఉన్నారు. ఇక్కడ ఎవరున్నారు?"

"నాకు బయంగా ఉందమ్మా. ఇయ్యాల మీరు గడప అవతల ఉండబట్టి చేశా. అవతల ఎవరూ లేకపోతే నేను చెయ్యలేను."

చెయ్యగలవనలేదు, ధైర్యం చెప్పలేదు. "నిజమే, బయమే. నీకు పోవాలనుంటే రా, నేను తప్పు పట్టను. ఉండాలనుంటే మాత్రం ఇప్పుడే దిగు, రైలు కదిలిద్ది" అని ఎడమచెయ్యి నా తల మీద పెట్టింది. ఆ చెయ్యి వణుకుతోంది. జ్వరానికో, భయానికో నాకు తెలియలేదు.

ఆమె తిరిగి వచ్చిందనీ, వేలు మాత్రం రాలేదనీ ఇప్పుడు నేను నిమ్మళంగా చెప్పగలను. ఆ సాయంత్రం నాకు అదేమీ తెలియదు. ఆమెను చూడటం అదే ఆఖరనుకున్నాను. ఈల వేశారు. నేను పెట్టె తీసుకుని దిగాను.

రైలు నడికుడి వైపు వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం మీద పెట్టె పట్టుకుని నిలబడ్డాను. పిచ్చియ్య వచ్చి పెట్టె అందుకుని బండిలో పెట్టాడు.

"రేపు పొద్దున్నే బండి తోలుకురా పిచ్చియ్యా. బాలింతను చూడాలి, బిడ్డకు బొడ్డు చూడాలి" అన్నాను.

"ఆయమ్మ గుంటూరు పోయిందిగా. ఎవరొస్తారు మరి?"

"నేనొస్తా" అన్నాను. గొంతు వణికింది. అది పిచ్చియ్యకు కూడా వినపడింది. ఒకసారి నా వంక చూసి, "పొద్దు పొడవక ముందే వస్తా తల్లీ" అని ఎడ్లను అదిలించాడు.